పేరు రాసుకోని నంబరు

అంతయ్య పాత ఫోనుకు వెనుక మూత ఊడిపోకుండా రెండు రబ్బరు బ్యాండ్లు ఉండేవి. అయిదు అంకె ఎప్పుడో అరిగిపోయింది. కింద పడితే మూడు ముక్కలయ్యేది, ఏరి కూర్చితే మళ్లీ ఏమీ జరగనట్టు మోగేది. మనుమరాలు శ్రేయ దాన్ని చూసి నవ్వేది. కూతురు సృజన మాత్రం నెలకోసారైనా "నా పరువు తీస్తున్నవు బాపు" అని విసుక్కునేది. అంతయ్య చెవిన వేసుకునేవాడు కాదు. ముప్పై ఏళ్లు బొగ్గు గనిలో మిషన్లతో వేగినవాడికి, పనిచేస్తున్న వస్తువును పారేయడం పాపంతో సమానం.

ఆ మొండితనం ఒక్క కాల్‌తో వదిలింది. బ్యాంకు నుంచి అని ఎవడో తియ్యగా మాట్లాడి, పెన్షన్ ఆగిపోతుందని బెదిరించి, ఫోనుకు వచ్చిన నంబరు చదవమన్నాడు. అంతయ్య కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో అంకె ఒప్పజెప్పసాగాడు. నాలుగో అంకె దగ్గర సృజన వచ్చి ఫోను లాక్కుంది. ఆ ఆదివారమే తండ్రిని కారెక్కించి కరీంనగర్ బజారుకు తీసుకుపోయి కొత్త స్మార్ట్‌ఫోను కొనిచ్చింది.

నిజానికి ఆ ఆదివారం ఆయన పాత గని ఊరు నస్పూర్ పోవాలి. వస్తానని జబ్బార్‌కు మాట ఇచ్చి ఉన్నాడు.

జబ్బార్ ఎవరో చెప్పకపోతే అంతయ్య ఎవరో చెప్పినట్టు కాదు. ఇద్దరూ ఒకే ఏడు గనిలో చేరారు. కొన్నాళ్లకు అంతయ్య పైన ఇంజను నడిపే పనికి మారాడు. జబ్బార్ ఏటవాలు దారి అడుగున, బొగ్గు నిండిన టబ్బులకు ఇనుప తాడు తగిలించేవాడు. కింద ఉన్నవాడు పైవాడికి కనిపించడు, అరిచినా వినిపించడు. మధ్యన ఉన్నదల్లా ఒక తీగ, దాని చివర ఒక గంట. ఒకటి కొడితే ఆపు, రెండు కొడితే దించు, మూడు కొడితే పైకి లాగు. కింద నుంచి గంట రాకుండా పైవాడు ఇంజను మీద చెయ్యి వేయకూడదు.

ఆ పనికి మారిన కొత్తలో ఒకనాడు అంతయ్య చెయ్యి వేశాడు. రాని గంట వచ్చిందనుకున్నాడు. జబ్బార్ ఎడమ చేతి చిటికెన వేలు తాడు కింద నలిగి పోయింది. విచారణ జరిగితే అంతయ్య ఉద్యోగం ఊడడం ఖాయం అన్నారు అందరూ. జబ్బార్ చేతికి కట్టుతోనే ఆఫీసుకు వచ్చి, "గంట నేనే కొట్టిన సార్, చెయ్యి తీసుడు మరిచిన" అని చెప్పి సంతకం పెట్టాడు. ఆ తరువాత ఇరవై ఎనిమిదేళ్లు, గంట వినకుండా అంతయ్య చెయ్యి కదలలేదు. ఆ అబద్ధం గురించి ఇద్దరూ ఒక్కనాడూ మాట్లాడుకోలేదు.

ఇద్దరూ రిటైర్ అయ్యారు. భార్య పోయాక అంతయ్య కూతురి దగ్గరికి కరీంనగర్ వచ్చాడు. జబ్బార్ భార్య నసీమాతో, అదే గనిలో పనికి చేరిన కొడుకు షోయబ్‌తో నస్పూర్‌లోనే ఉండిపోయాడు. రెండేళ్ల కింద జబ్బార్‌కు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ మెల్లమెల్లగా దారికి వచ్చాయి గాని మాట రాలేదు. గనిలో అందరికన్నా ఎక్కువ మాట్లాడే మనిషి, ఊఁ అనడం తప్ప మరేమీ చేతకాక గోడ వైపు తిరిగి పడుకుంటుంటే అంతయ్య చూడలేకపోయాడు. మంచం మీద కూర్చుని ఫోను అతని చేతిలో పెట్టాడు.

"జబ్బార్ భాయ్, మనకు మాటలెందుకు? గంటలున్నయి గదా. పొద్దుగాల లేచినంక ఒక్క మిస్డ్ కాల్ కొట్టు. ఒకటంటే ఆపు గదా, ఫికర్ ఆపు అన్నట్టు. రెండు కొడితే నేను ఫోన్ చేసి ముచ్చట పెడత, నువ్వు ఊఁ కొట్టు. మూడు కొడితే పైకి లాగు. ఏ యాళ్లయినా సరే, మిగతాది నేను చూస్త."

జబ్బార్ ఆ రోజు నవ్వాడు, వంకర మూతితోనే.

అప్పటి నుంచి పొద్దున ఆరు గంటలకు ఒక్క గంట తప్పలేదు. ఒక్కసారి మాత్రం మూడు వచ్చాయి. అంతయ్య వెంటనే పక్క క్వార్టర్‌లోని సుధాకర్‌కు ఫోన్ చేస్తే, స్నానాల గదిలో జారిపడిన జబ్బార్‌ను పది నిమిషాల్లో లేపి దవాఖానకు తీసుకుపోయారు.

ఆ నంబరుకు అంతయ్య ఫోనులో పేరు రాసుకోలేదు. కూతురి నంబరుకు రాసుకున్నాడు, షోయబ్‌కు రాసుకున్నాడు, పాలవాడికీ గ్యాస్ వాడికీ రాయించుకున్నాడు. మరిచిపోతామనుకున్నవాళ్ల పేర్లే కదా ఎవరైనా రాసుకునేది. జబ్బార్ నంబరు ఆయనకు సొంత పేరులాగా నోటికి వచ్చు. చివర నాలుగంకెలు వెలిగితే చాలు, పెదవి మీదికి నవ్వు వచ్చేది.

కొత్త ఫోను అంతయ్యను మొదటి రోజే పడేసింది. ఆదివారం రాత్రి భోజనం దగ్గర కూడా చేతిలోంచి దించలేదు. అక్షరాలు గోరంత ఉన్నవి వేలంతయ్యాయి. అన్నిటికన్నా వింత, ముఖం ముందు పెట్టుకుంటే తనే తెరుచుకోవడం. బొగ్గు మచ్చలు నీలంగా మిగిలిన తన ముఖాన్ని అది ఒక్క చూపులో గుర్తుపడుతుంటే అంతయ్యకు గర్వం ఆగలేదు.

"నన్ను సూసి తలుపు తీస్తుంది బిడ్డా. మనిషి తీరు ఉన్నది" అన్నాడు.

"ఇంకోటి కూడ పెట్టిన బాపు" అంది సృజన. "తెలియనోళ్లు చేస్తే అసలు మోగదు. ఇగ ఆ బ్యాంకు దొంగలతోని పరేషాన్ లేదు."

ఇది మరీ నచ్చింది అంతయ్యకు. రోజంతా లోన్లు కావాలా, ప్లాట్లు కావాలా అని మోగే గోల పోయింది. సోమవారం సాయంత్రం పార్కులో కలిసిన తోటి రిటైర్డ్ లింగమూర్తికి ఫోను చూపించి, "ఎంత నిమ్మలంగుంటదో చెప్పలేను. ఇంట్ల ఉన్నట్టే తెల్వది" అన్నాడు.

ఆ నిమ్మళంలో ఒక్క వెలితి ఉంది. సోమవారం పొద్దున ఆరింటికి గంట రాలేదు. మంగళవారమూ రాలేదు. ఆదివారం తను రాలేదని జబ్బార్ అలిగాడనుకున్నాడు అంతయ్య. జబ్బార్ అలక ఆయనకు కొత్త కాదు. ఒకసారి ఈద్‌కు సేమ్యాకు రాలేదని వారం రోజులు పలకని మనిషి. తనే ఫోన్ చేయొచ్చు. రెండుసార్లు ఆ నంబరు నొక్కబోయాడు కూడా. కానీ ఇరవై ఎనిమిదేళ్ల చెయ్యి, గంట వినందే కదలనంది. "కానీ, ఎన్ని రోజులు అలుగుతడో సూస్త. శుక్రవారం పోయి మెడలు వంచి ఫోటో దిగుత" అని నవ్వుకున్నాడు.

మంగళవారం బడికి సెలవు. శ్రేయను తీసుకుని పార్కుకు పోయాడు. ఉయ్యాల మీద పిల్లను, కానుగ చెట్టును, బెంచీ మీద వేసిన తన తువ్వాలను కూడా వదలకుండా ఫోటోలు తీశాడు. ఫోను చేతిలోనే ఉంది. అది ఒక్క చప్పుడు చేయలేదు.

మధ్యాహ్నం మూడున్నరకు మాత్రం మోగింది. షోయబ్ పేరు కనిపించింది.

"అబ్బా పోయిండు కాకా" అన్నాడు షోయబ్.

సృజన సెలవు పెట్టి కారు తీసింది. వాళ్లు నస్పూర్ చేరేసరికి పొద్దు కుంగుతోంది. క్వార్టర్ ముందు కుర్చీలు వేసి ఉన్నాయి. అక్క ఇంటికని ముందు రోజు మెట్‌పల్లి పోయిన నసీమా అప్పుడే బస్సు దిగి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుంది. అంతయ్యను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను లేని రోజే సూసుకొని పోయిండు అన్నా" అంది.

షోయబ్ ఆయన చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు. గని బట్టలు కూడా మార్చుకోలేదు.

"పొద్దుగాల నేను డ్యూటీకి పోయేటప్పుడు మంచిగనే ఉండె కాకా. నా ముందటనే నీకు ఒక్క గంట కొట్టిండు. నేను మూడింటికి పైకొచ్చి ఇంటికి వస్తే గడప కాడ కుర్చీల కూసుండి ఉండు. అంగీ తొడుక్కుండు, చెప్పులేసుకుండు, దవాఖాన ఫైలు ఒళ్లె పెట్టుకుండు. యాడికో పోవుడానికి తయారైనట్టే ఉండు. నిద్రపోయిండనుకున్న." తండ్రి ఫోను తీసి చూపించాడు. "పదిన్నరకు నీకు మూడు కొట్టిండు. అవి నీకు ముట్టలేదా కాకా?"

గని లోపలికి ఫోను తీసుకుపోనివ్వరు కనుక షోయబ్‌కు చేసి లాభం లేదని జబ్బార్‌కు తెలుసు. ఇంకెవరికి చేసినా మాట రాదు. గొంతు లేని మనిషికి లోకంలో ఉన్నది ఒక్కటే గంట. అది కొట్టేశాడు. ఇక ఎవరో ఒకరు పరుగెత్తుకొస్తారని ధీమాగా చెప్పులు వేసుకుని, గుండె పట్టుకుని గడపలో కూర్చున్నాడు.

సృజన తండ్రిని కాస్త పక్కకు తిప్పి, జేబులోంచి ఫోను తీసింది. ఆయన ముఖం ముందు పెట్టగానే అది ఎప్పటిలాగే తెరుచుకుంది. లోపల ఎక్కడో ఒక జాబితా విప్పింది. తెలియని నంబర్లు అని ఉంది. సోమవారం ఒకటి, మంగళవారం ఆరింటికి ఒకటి, పదిన్నరకు వరుసగా మూడు. లోన్ల వాళ్ల మధ్య, ప్లాట్ల వాళ్ల మధ్య, ఆ చివర నాలుగంకెలు. అంతయ్య ఉయ్యాల మీది శ్రేయ ఫోటో తీసి చూశాడు. దాని కింద కూడా పదిన్నరే ఉంది.

సృజన షోయబ్ వైపు తిరిగింది. "షోయబ్, అది నేను..." అని మొదలుపెట్టింది.

అంతయ్య ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"గంట వచ్చింది షోయబ్" అన్నాడు. "నేనే సూసుకోలే. ఫోను ఇంట్ల మరిచి పార్కుకు పోయిన. తప్పు నాది."

షోయబ్ తండ్రి ఫోను జేబులో వేసుకున్నాడు. తరువాత తల దించుకుని లోపలికి పోయాడు. వాడు ఇక తనను కాకా అని పిలుస్తాడో లేదో అంతయ్యకు తెలియలేదు. సృజన కారు వెనుక నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఆయనకు ఏడుపు రాలేదు. గుండెలో ఇనుప తాడు తెగి, టబ్బులన్నీ చీకట్లోకి జారిపోతున్నట్టుంది.

మరునాడు పొద్దున మట్టి ఇచ్చారు. అందరితోపాటు అంతయ్య కూడా మూడు గుప్పిళ్లు వేశాడు. తిరిగి వస్తూ, దారిలో కారు దగ్గర ఆగి ఉన్న కూతురికి ఫోను ఇచ్చాడు.

"పేరు రాసుడు ఎట్లనో చూపియ్యి బిడ్డా."

ఆమె చూపించింది. ఆయన నంబరు చూడకుండానే కొట్టాడు. పేరు దగ్గర లావుపాటి వేలితో, తప్పు పోతే చెరిపి మళ్లీ కొడుతూ, జబ్బార్ అని రాశాడు. ముందు నడుస్తున్న షోయబ్‌ను పిలిచాడు. తండ్రి ఫోను వాడి జేబులోనే ఉంది.

"ఒక్కసారి చెయ్యి కొడుకా. మోగుతదో లేదో సూస్త."

షోయబ్ తండ్రి ఫోను తీసి నొక్కాడు. ఫోను మోగింది. పెద్దగా, కమ్మగా, దారిన పోయేవాళ్లు తిరిగి చూసేంతగా మోగింది. అద్దం మీద జబ్బార్ పేరు వెలిగింది. అంతయ్య దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. జబ్బార్ అయితే ఒక్క గంటకే కట్ చేసేవాడు. షోయబ్ కట్ చేయలేదు. ఫోను మోగుతూనే ఉంది.