సరస్సులో ఏలక్కాయ

గంగాప్రసాద్ గారికి ఉన్నది ఒకటే జబ్బు. కంటబడిన ప్రతి వస్తువునూ ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి పోతావు అని ఆరా తీస్తారు. చెక్‌పోస్టులో పోలీసు కూడా మనుషుల్నే అడుగుతాడు. ఈయన నమిలి పారేసిన ములక్కాడ పిప్పిని కూడా వదలరు.

గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమాలో ఆయన ఇంట వంటకు కుదిరిన మొదటి రోజే పాపాయమ్మకు ఈ సంగతి తెలిసిపోయింది. బియ్యం కడిగిన నీళ్ళు పారబోస్తుంటే వెనక వచ్చి నిలబడ్డారు.

"పెద్దమ్మా, గీ నీళ్ళు యాడికి పోతయి?"

"గొట్టంలోకండి."

"ఆడికెల్లి?"

పాపాయమ్మది రాజోలు దగ్గర పల్లె. రెండో తరగతి గడప దాటకపోయినా తెలుగు అక్షరం కూడబలుక్కుని చదవగలనన్న గర్వం మెండు. అంతకు ముందు మూడిళ్ళు వదిలేసింది. మూడింటా కారణం ఒకటే. ఏదో వస్తువు కనబడక, అదేమైందని ఆమెను అడిగారు. అడిగిన నోరు మూతపడేలోగా ఈమె సంచీ సర్దేసింది. ఆ ముక్క గంగాప్రసాద్ గారికి కుదిరేటప్పుడే చెప్పింది. ఆయన తలూపారు. ఊపి, ఆ సంచీ ఎక్కడ కొన్నావని అడిగారు.

అయినా పాపాయమ్మ ఉండిపోయింది. మిగతావాళ్ళు అనుమానంతో అడిగేవారు, ఈయన నిజంగానే తెలియక అడుగుతారు. తెలియనివాడి మీద కోపం తెచ్చుకోవడం ఆమె వల్ల కాలేదు. పైగా అరవై దాటిన మనిషిని ఇంకో ఇంట పెట్టుకుంటారన్న నమ్మకమూ లేదు.

అందరూ ఆయన్ని డాక్టరనేవారు. మోకాలి నొప్పికి మాత్ర ఇమ్మంటే, తాను నీళ్ళ డాక్టర్నన్నారు. ఎక్కడి నీళ్ళంటే, ఉత్తరాన ఆర్నెల్లు గడ్డకట్టుకుని ఉండే సరస్సుల నీళ్ళట. ఎడారిలో ఏసీ కింద కూర్చుని మంచు సరస్సులకు వైద్యమేమిటో పాపాయమ్మకు ఎంత ఆలోచించినా అంతుచిక్కలేదు. బిల్డింగ్ కాపలాదారు ఇర్షాద్‌కీ చిక్కలేదు. ఏసీ నుంచి కారే చుక్కలు ఎక్కడికి పోతాయని ఆయన అడిగినప్పటి నుంచి ఇర్షాద్ ఆయన్ని చూస్తే మెట్ల కిందికి తప్పుకుంటున్నాడు.

ఒకరోజు ఉండబట్టలేక ఆమే అడిగింది. ఆయన కుర్చీ లాక్కుని మరీ చెప్పారు. అడవిలో ఆకులు రాలతాయి, వానకు నానతాయి, ఆ రసం వాగుల్లో పడి సరస్సు చేరుతుంది. అందులో బొగ్గు ఉంటుంది. కొంత అడుగున పేరుకుంటుంది, కొంత కంటికి కనబడని పురుగులు తింటాయి, తిన్నదాన్ని సరస్సు ఊపిరిలా గాలిలోకి వదిలేస్తుంది. ఎంత వచ్చింది, ఎంత పోయింది అని ఇరవై ఏళ్ళుగా లెక్క తేలుస్తున్నారట.

"ఆకులో బొగ్గేంటండి, సరస్సుకి ఊపిరేంటండి?"

"అడివంత చాయ్‌పత్తా అనుకో పెద్దమ్మా. సరస్సు కప్పు. ఖలాస్."

అది మాత్రం అర్థమైంది. ఆ అర్థం కావడమే కొంప ముంచింది.

ఆయన పనిచేసే చోట ఫ్రిజ్ చెడిపోయి, ఒక సీసా ఇంటికి తెచ్చి పాల పక్కన పెట్టారు. మీద ఇంగ్లీషు రాత, లోపల గోధుమరంగు నీళ్ళు. పాపాయమ్మ మూత తీసి వాసన చూసింది. నిలవ టీ పాడైందనుకుని కరివేపాకు కుండీలో పోసేసి, సీసా తోమి బోర్లించింది. సాయంత్రం ఆయన గుమ్మంలోకి వస్తూనే ఫోనులో ఎవరికో చెబుతున్నారు: మంచు కరిగినప్పుడు పట్టిన నీళ్ళు, మళ్ళీ దొరకవు, ఇంట్లో భద్రంగా ఉన్నాయి, గురువారం ఆ సరస్సుల దేశం వాళ్ళందరి ముందూ వాటి సంగతి చెబుతాను.

ఆయన స్నానానికి వెళ్ళగానే పాపాయమ్మ పక్క ఫ్లాటులో పనిచేసే సత్యకుమారి దగ్గరికి పరిగెత్తింది.

"చెప్పేయత్తా, పోద్ది," అంది సత్యకుమారి.

చెబితే ఆయన అడుగుతారు. అడిగితే తాను ఉండలేదు. వెళితే ఇంకో ఇల్లు లేదు. అప్పుడు ఆయన చెప్పిన పాఠమే గుర్తొచ్చింది. అడవి టీ ఆకు, సరస్సు కప్పు. అంత చదువుకున్నాయన చెప్పాక ఇంక అడ్డేముంది? పలచగా మరిగించి, రంగు కుదిరేదాకా రెండుసార్లు వడకట్టి, చల్లార్చి సీసా నింపింది. పాలూ పంచదారా వేయలేదు. ఆ మాత్రం సైన్సు ఆమెకూ తెలుసు.

మర్నాడు ఆయన సీసా పట్టుకెళ్ళారు. పాపాయమ్మ సంచీ సర్ది తలుపు వెనక సిద్ధంగా పెట్టుకుంది. అడిగితే నాలుగు దులిపి వెళ్ళిపోవడమే. ఆయన వచ్చి ఉల్లితొక్కల గురించి అడిగారు. మర్నాడు కుక్కరు ఆవిరి గురించి అడిగారు. ఆ మర్నాడు చీపురు గురించి. సీసా ఊసు లేదు. బుధవారం వచ్చేసరికి పాపాయమ్మకు అయోమయంతో అన్నం సహించలేదు.

"ఏవండీ, చీపురు పుల్లని కూడా అడుగుతారు కదా. సీసా సంగతి అడగరేంటి? రేపు పదిమందిలో టీ నీళ్ళు చూపించి నవ్వులపాలవుతారా?" అని ఆయన మీదే విరుచుకుపడి, జరిగిందంతా చెప్పేసింది.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "పెద్దమ్మా, ఏ సరస్సుల గూడ ఇలాచీ ఉండదు."

పాపాయమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. నలభై ఏళ్ళుగా టీ అంటే ఏలక్కాయ చితక్కొట్టి పడేసే చెయ్యి. బుర్రను అడిగి వేసిందా ఏమన్నా?

మూత తీయగానే తెలిసిందన్నారు ఆయన. అవే నీళ్ళు ఇంకో రెండు సీసాలు వేరే చోట ఉన్నాయి, రేపటికి ఢోకా లేదు.

"మరి నన్నెందుకు అడగలేదండి?"

"అడిగితే సంచి సదురుకుంటవని నువ్వే చెప్పినవు గదా. గిన్ని దినాల సంది నాలుక కొరుక్కుంట కూసున్న."

ఆయన నెమ్మదిగా, "ఇప్పుడు అడగొచ్చా?" అన్నారు. పాపాయమ్మ అడగమంది.

"అసలు నీళ్ళు యాడికి పోయినయి?"

"కరివేపాకు కుండీలోకండి."

"ఆడికెల్లి?"

"నిన్న చారులోకండి."

"ఆడికెల్లి?"

"మీ కడుపులోకండి."

గంగాప్రసాద్ గారి ముఖం వెలిగిపోయింది. నోటుపుస్తకం తెచ్చి రాసుకోసాగారు. ఆయన రాత పూర్తయ్యేదాకా ఆగి, పాపాయమ్మ కొంగు దోపుకుంది.

"మరి నా టీ ఎక్కడికి పోయిందండి?"

"చక్కర ఏసుకొని తాగిన పెద్దమ్మా. మస్తుగుండె."

"అక్కడి నుంచి?"

ఇరవై ఏళ్ళుగా లోకాన్నంతా ఇదే ప్రశ్న అడిగిన గంగాప్రసాద్ గారు పుస్తకం మూసేసి, ఏదో పని ఉన్నట్టు గదిలోకి వెళ్ళిపోయారు. పాపాయమ్మ తలుపు వెనక నుంచి సంచీ తెచ్చి, చీరలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ అలమరలో పెట్టుకుంది.