జిరాక్స్ చాచా మిషన్‌కు రెండు రోజుల సెలవు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏ తప్పు జరిగినా కారణం పక్కవాళ్లే, నేను మాత్రం కాదు. కరీంనగర్‌లో పరిశోధనకు చేరిన కొత్తలో ఈ నమ్మకం బాగా ముదిరింది. మా కాలేజీ మొదటి అంతస్తులో అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ ఒకటి ఉండేది. పేరుకు మైక్రోస్కోపే గానీ అది చూడదు, తడుముతుంది. కంటికి ఆనని సూదిమొనను అణువుకు తగిలించి మెల్లగా పైకి లాగితే, అందులోని రసాయన బంధం ఎంత బలానికి తెగిందో కంప్యూటర్ మీద గీత గీసి చూపిస్తుంది. గీత నున్నగా సాగి, బంధం తెగిన చోట టక్కున పడిపోవాలి. నాకేమో గీత పొడవునా వణుకే. సోమవారం హైదరాబాద్ నుంచి నిపుణులు వస్తున్నారు, ఒక్క మంచి గీతయినా చూపకపోతే మిషన్‌తో పాటు నా ఫెలోషిప్పూ పోతుందని మా సారు చెప్పేశారు. నాకు అన్నం సయించడం మానేసింది.

అదురు తగలకుండా ఆ మిషన్‌ను పెద్ద గ్రానైట్ బండ మీద పెట్టి (కరీంనగర్‌లో గ్రానైట్‌కేం కరువు!), బండకూ కింది ఇనుప బల్లకూ మధ్య స్కూటర్ ట్యూబులు పరిచాం. అయినా వణుకు పోలేదు. ఇక నేను దొంగను పట్టే పనిలో పడ్డాను. ఫ్యాన్లు ఆపించాను. (మే నెల. మా సారు చొక్కా పిండితే ఒక బీకరు నిండేది.) గేటు ముందు ఆటోలను తరిమించాను. చివరికి కింద అంతస్తులో జిరాక్స్ తీసే చాచా మీద పడ్డాను. "చాచా, నీ మిషన్‌తోనే నా మిషన్ వణుకుతాంది" అన్నాను. పరీక్షల కాలం, పిల్లలు వరుస కట్టి ఉన్నారు. ఆయన ఒక్క క్షణం నా మొహం చూసి, "ఫికర్ జెయ్యకు బేటీ, రెండ్రోజులు బంద్ పెడ్త" అని షట్టర్ దించేశాడు. వణుకు మాత్రం దిగలేదు.

శనివారం మా బాపు కళ్ల పరీక్షకని శ్రీరాంపూర్ నుంచి బస్సులో వచ్చాడు. బొగ్గుబావిలో పనిచేసే మనిషి. అవ్వ (అదే, మా అమ్మ) పంపిన సర్వపిండి డబ్బా ఒళ్లో పెట్టుకుని, గోడ పక్కన కుర్చీలో కూర్చుని నా యుద్ధమంతా చూశాడు. ఆఖరికి కుర్చీలోంచి ముందుకు వంగాడు.

"బిడ్డా, కాలు."

"ఏం కాలు, బాపు?"

"నీ కాలే. ఊపుతున్నవ్."

వంగి చూసుకున్నాను. నా కుడి పాదం ఆ ఇనుప బల్ల కింది కడ్డీ మీద ఉంది, కుట్టుమిషన్ తొక్కినట్టు ఆడుతోంది. ("కాలు ఊపకే, ఇంటికి దరిద్రం" అని అవ్వ చిన్నప్పటి నుంచీ తిడుతూనే ఉండేది. అదంతా మూఢనమ్మకమని నేను ఉపన్యాసాలు ఇచ్చేదాన్ని.)

"గనిల కప్పు కూలుతదా నిలుస్తదా అని కడ్డీతోని తట్టి ఇంటం. ఇనేముందుగాల మేం కదలకుండ నిలవడ్తం. నువ్వు అందర్ని ఆపినవ్ గని, నువ్వు ఆగినవా?" అన్నాడు బాపు.

కాలు నేల మీద పెట్టాను. గీత నున్నగా సాగి సాగి, టక్కున పడింది. నేను కేక పెట్టాను. "తెగిందా? మంచిగైంది. ఇగ తిను" అని బాపు డబ్బా మూత తీశాడు.

సర్వపిండి ముక్క పట్టుకుని, తల వంచుకుని, రెండ్రోజుల గడువు తీరి అప్పుడే షట్టర్ ఎత్తిన చాచా దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "అంటే నా మిషన్ బేకసూర్, దాని తప్పేం లేదు! నాకెందుకు జెప్తవ్, దానికే జెప్పు" అన్నాడు. వరుసలో ఉన్న పిల్లలందరి ముందూ జిరాక్స్ మిషన్‌కు క్షమాపణ చెప్పుకున్నాను.

మిషన్ పోలేదు, నేనూ పోలేదు. ఇప్పుడు అదే గదిలో పాఠాలు చెబుతున్నాను. ఎవరైనా వణికే గీత పట్టుకొచ్చి లారీలను తిడితే ముందు బల్ల కిందికి వంగి చూస్తాను. బాపు రిటైరయ్యాడు. ఇంటికి వెళ్లినప్పుడు పక్కన కూర్చుంటే నా కాలు ఆడుతుంది. ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండానే నా మోకాలి మీద చెయ్యి వేస్తాడు, అది ఆగిపోతుంది. నిజం చెప్పొద్దూ, ఈమధ్య ఆ కాలు కొన్నిసార్లు కావాలనే ఊపుతున్నాను.