మట్టికి కాపలా

ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేసి, అవి ఎర్రబడేలోగా ఆమె కాలువగట్టు దాకా వెళ్లి పూడికమట్టి కుప్పను చూసి వస్తుంది. రోజూ అంతే. వీధిలో అందరికీ ఆమె ఇస్త్రీ అక్క. పెట్టె బరువుకి కుడిభుజం కాస్త కిందికి వాలిపోయింది. కోపం వస్తే మాట పెరగదు, బల్ల మీద పెట్టె చప్పుడు పెరుగుతుంది. ఎండాకాలంలో కాలువ పూడిక తీసి, ఆ మట్టిని గట్టుమీదే పోసి పోయారు. తీయడానికి ఒక ఆఫీసు అనుమతి, తరలించడానికి ఇంకో ఆఫీసు అనుమతి. ఆ రెండోది రాలేదు. వచ్చేదాకా మట్టిని ఎవరూ ముట్టుకోకుండా ఒక కాపలామనిషిని పెట్టి, అతనికో కుర్చీ వేశారు.

నిన్న వాన పట్టుకునేసరికి కుప్ప కరిగి మళ్లీ కాలువలోకే జారసాగింది. కాలువ పొంగితే మొదట మునిగేది ఆమె ఇల్లే. లోపల మంచం దిగలేని అత్తగారు. ఆమె తట్ట తెచ్చి మట్టి ఎత్తబోయింది.

"అక్కా, ముట్టుకుంటే కేసవుతుంది. నా ఉద్యోగం ఊడుతుంది."

"మరి ఈ మట్టి ఇంట్లోకొచ్చాక?"

"ఇంట్లోకొచ్చాక నీ ఇష్టం. దానికి అనుమతి అక్కర్లేదు."

ఆమె తట్ట విసిరికొట్టి ఇంట్లోకి వెళ్లింది. అత్తగారిని వీపున మోసుకొచ్చి, కాపలామనిషిని లేపి ఆ కుర్చీలో ఆవిడను కూర్చోబెట్టింది.

"వానలో ఇదెక్కడి గోలే?" అంది ముసలావిడ.

"ఇక్కడైతే కాపలా ఉందత్తయ్యా. మట్టినే ఇంత భద్రంగా చూసుకుంటున్నాడు, మిమ్మల్ని చూసుకోడా?"

గొడుగు విప్పి, అత్తగారి మీద పట్టమని అతని చేతిలో పెట్టి, తట్ట అందుకుంది. ఆపాలంటే అతను గొడుగు వదలాలి. వదల్లేదు.