విమానాల గుర్తుకు కళ్ళు పెట్టిన సోమనర్సయ్య

సోమనర్సయ్య చేసిన తప్పు ఒక్కటే, బొమ్మకు కళ్ళు పెట్టడం. ఆ ఒక్క తప్పుకు జనగామ అతన్ని ఎట్లా కాల్చుకు తిన్నదో కళ్ళారా చూసినవాణ్ణి నేను. అప్పట్లో హైస్కూల్లో డ్రాయింగు మాస్టర్ని. చూస్తూ నువ్వేం చేశావని మాత్రం అడక్కండి, ఒళ్ళు మండుతుంది.

అతను నకాషీ. దేవుళ్ళ బొమ్మలు చేసి రంగులు వేసే కులం. చుట్టుపక్కల ఏ ఊళ్ళో మైసమ్మ బొమ్మ చేయించినా చివరి రోజు కళ్ళు తెరిచేది అతనే. ఆ రోజు పస్తుండి, తలస్నానం చేసి, కొబ్బరికాయ కొట్టి, అప్పుడు నల్లగుడ్లు దిద్దేవాడు. అప్పటిదాకా అది చెక్క, ఆ తర్వాత అమ్మ. అట్లా కళ్ళు తెరిచిన బొమ్మ ముందు అబద్ధమాడితే నాశనమైపోతారని ఊళ్ళ నమ్మకం. మిగతా పని ఎవరు చేసినా ఊరుకునేవాడు కానీ, కళ్ళు మాత్రం ఇంకొకణ్ణి ముట్టనిచ్చేవాడు కాదు. అతని బతుకంతా ఆ రెండు చుక్కల్లోనే ఉంది.

డెబ్బై ఎనిమిదిలో జగపతిరావు స్టేషన్ రోడ్డులో, కూలికి మనుషుల్ని దుబాయి పంపిస్తానంటూ ఆఫీసు తెరిచాడు. అరవైతొమ్మిదిలో తెలంగాణ కోసం వేదికలెక్కి గొంతు చించుకున్న దొరబిడ్డ. ఆయన మాటలు గోడల మీద రాసి లాఠీదెబ్బలు తిన్నది సోమనర్సయ్య. అందుకే జగపతి పిలిస్తే ఎందుకని అడగలేదు.

జగపతి ఒక క్యాలెండరు కాగితం చేతిలో పెట్టాడు. దాని మీద మన దేశపు విమానాల గుర్తు. గుండ్రటి వలయంలో ఎర్రటి ఆకారం, నడుము దాకా మనిషి, కింద గుర్రం, చేతిలో ఎక్కుపెట్టిన విల్లు. "గిది పెద్దగ గియ్యి. సూసినోడు సర్కారు ఆఫీసనుకోవాలె" అన్నాడు.

సోమనర్సయ్య ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "ఏం దేవుడు సార్ గీయన?"

"దేవుడు కాదయ్యా, ధనూరాశి బొమ్మ. బాణం పోయినట్టు విమానం పోతదని అర్థం."

"మరి కండ్లేవి? ముక్కేది?"

"గుర్తుకు గవన్నీ ఉండొద్దు. ఎంత దూరంనుంచైనా ఒక్క చూపుల తెలవాలె. అందుకే అంతా ఒకటే రంగు."

"గుడ్డి బొమ్మ నా చేతులకెల్లి పోదు సార్. పోతే నా ఇంటికి అరిష్టం."

నేను నవ్వి, నీ ఇష్టం అన్నాను. ఆ నవ్వుకు నన్ను చెప్పుతో కొట్టాలి.

ఆరడుగుల రేకు మీద ఆ గుర్తు లేచింది. చెవులకు పోగులు, కోరమీసం, ఒంటినిండా నగలు. శుక్రవారం పొద్దున పస్తుండి, కాయ కొట్టి, కళ్ళు తెరిచాడు. రోడ్డున పోయే జనం ఆగి చేతులు జోడించారు. జగపతి కడుపుబ్బ నవ్వాడు. మర్నాటి నుంచి బోర్డు కింద ఊదుబత్తీలు తనే వెలిగించాడు, దొంగముండాకొడుకు.

కురవి దగ్గరి తండా నుంచి తుల్సీరాం, అతని తమ్ముడు భోజ్యా వచ్చారు. తుల్సీరాం జగపతిని ఏమీ అడగలేదు. రోడ్డవతల రంగులు కలుపుకుంటున్న సోమనర్సయ్యను అడిగాడు.

"అన్నా, మా తండ మైసమ్మకు కండ్లు తెరిసింది నువ్వే గద. దీనికి గూడ నువ్వేనా?"

"నేనే."

"పస్తున్నవా?"

"ఉన్న."

"ఇగ సాలు."

అన్నదమ్ములు ఉన్న భూమి అమ్మి ఆ డబ్బు జగపతికి కట్టారు. జగపతి ఇచ్చిన టికెట్లు పట్టుకుని బొంబాయి పోతే, అవి దొంగవని విమానాశ్రయం గుమ్మంలోనే గెంటేశారు. ఇంటికి రావడానికి ముఖం చెల్లక అక్కడే ఒక మేస్త్రీ కింద కూలికి చేరారు. నాలుగో నెలలో భోజ్యా ఆరో అంతస్తు కర్రల మీంచి జారి పడి చచ్చిపోయాడు. తుల్సీరాం ఒక్కడే తిరిగొచ్చేసరికి ఆఫీసుకు తాళం. జగపతి ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. బోర్డు మాత్రం అక్కడే ఉంది.

భోజ్యా పెళ్ళాం చంద్రి వచ్చి, సోమనర్సయ్య రెక్క పట్టుకుని బోర్డు ముందుకు ఈడ్చింది.

"కండ్లు తెరిసినవు గద. అయితే అది సూసే ఉంటది. నా మొగడు ఎట్ల పడ్డడో అడుగు."

"నాకేం ఎరుక లేదు బిడ్డా..."

"నిన్ను గాదు, దాన్ని అడుగుమన్న."

గొణిగాడు. "గట్టిగ" అంది. "భోజ్యా ఎట్ల పడ్డడు సామీ?" అని రోడ్డంతా వినపడేట్టు అరిచాడు. మళ్ళీ అడగమంది. పొద్దు వాలేదాకా అడిగించింది. అతని గొంతు పోయింది. ఊరు ఊరంతా పల్లీలు నములుతూ చూసింది. "ఏమన్నడు నర్సన్నా నీ దేవుడు?" అని వెక్కిరించింది ఎవరనుకున్నారు? మొన్నమొన్న అదే బొమ్మకు దండం పెట్టినవాళ్ళే! దొరను వెతికి పట్టుకునే దమ్ము ఒక్కడికీ లేదు, నకాషీవాడు చేతికి దొరికాడు. నేనూ ఆ గుంపులోనే నిలబడ్డాను.

ఆ తర్వాత కళ్ళు తెరవడానికి ఏ ఊరూ అతన్ని పిలవలేదు. ఘనపూర్ వాళ్ళు బండి కట్టుకుని వచ్చి, అతను సగం చేసిన తమ బొమ్మను కూడా తీసుకుపోయారు. లారీల వెనక నంబర్లు రాసుకుంటూ రెండేళ్ళు నెట్టుకొచ్చాడు.

ఎనభై ఒకటిలో తండా నుంచి కబురొచ్చింది. వానలకు మైసమ్మ రంగు పోయింది, వచ్చి వెయ్యమని. కబురు పెట్టింది చంద్రి. సోమనర్సయ్య నా ఇంటికి ఉరికొచ్చాడు.

"నన్ను మాఫ్ చేసిన్రు సార్! మళ్ల కండ్లు తెరుస్త!"

తోడు రమ్మంటే వెళ్ళాను. రెండు రోజులు వంచిన నడుం ఎత్తకుండా రంగులు వేశాడు. మూడో రోజు పస్తుండి, తలస్నానం చేసి, కాయ కొట్టాడు. తండా అంతా కూడింది. కుంచె నలుపులో ముంచి పైకెత్తాడు. చంద్రి ముందుకొచ్చి అతని మణికట్టు పట్టుకుంది. కుంచె గుంజుకుని, రెండు చుక్కలూ తనే పెట్టింది. ఒకటి పైకి, ఒకటి కిందికి.

"రంగు నీది. కండ్లు మావి. ఇగ పో."

తండా మొత్తం సాగిలపడింది. అందరి వెనకా సోమనర్సయ్య కూడా సాగిలపడ్డాడు.

తిరుగు బస్సులో మహబూబాబాద్ దాకా అతను వెనక్కి తిరిగి తండా వైపే చూశాడు. తర్వాత నా భుజం మీద తల ఆనించి, "ఎడమ కన్ను మంచిగనే కుదిరింది సార్" అని వెక్కి వెక్కి ఏడ్చాడు.