కుక్కకు అత్తరు పూసిన ఇల్లు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను కల్లూరు పశువైద్యశాలకు అసిస్టెంట్ డైరెక్టరుగా వేశారు. హోదా పేరు పొడుగేగాని నా కింద ఉన్నది ఒక కాంపౌండరు, ఒక అటెండరు. సూది వేసేదీ నేనే, రిజిస్టరు రాసేదీ నేనే. అంతకుముందు సర్వీసంతా పత్తికొండ వైపు గొర్రెలతో, ఎనుములతో గడిచింది. కల్లూరులో చూస్తే వీధి వీధికీ కొత్త ఇళ్లు, ఇంటికో కుక్క. కుక్క చర్మం గురించి నాకప్పుడు తెలిసింది పుస్తకంలో ఉన్నంతే. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకేం మొహమాటం లేదు.

చేరిన కొద్దిరోజులకే సుబ్బరాయుడనే రిటైర్డు బస్సు డ్రైవరు తన నాటుకుక్క రాజాను తీసుకొని వచ్చాడు. కుక్క కంటే ముందు దాని వాసన లోపలికి వచ్చింది. అటెండరు కిటికీలన్నీ తీశాడు. వాళ్లింటి పక్క చేనులో కాపర్లు మంద కట్టారట. ఎరువు కోసం గొర్రెల్ని రాత్రిళ్లు చేలోనే ఆపడం మా సీమలో పాత పద్ధతి. వారానికోసారి స్నానం చేయిస్తే, గంట తిరక్కముందే రాజా పోయి ఆ పెంటలో దొర్లి వస్తుంది.

"మా ఇంట్లో ఆమె శానా కోపంగా ఉండాది సార్. అమావాస్య లోపల ఇది మానకుంటే పత్తికొండలో వాళ్ల తమ్ముని తోటకు తోలేస్తాదంట. నాకు అన్నం సయిస్తాలేదు" అన్నాడు. ముప్పై ఏళ్లు బస్సు తోలిన మనిషి, కళ్లలో నీళ్లు తిరిగాయి. అమావాస్యకు పక్షం రోజులుంది.

నేను పద్ధతి ప్రకారం పోయాను. మొద్దు బ్లేడుతో చర్మాన్ని రక్తం చెమర్చేదాకా గీకి, గాజుపలక మీద నూనెచుక్కలో కలిపి మైక్రోస్కోపు కింద చూశాను. గజ్జి పురుగు లేదు. అయినా ఊరికే పంపితే డాక్టరు ఏం చేసినట్టు? మందు షాంపూ రాసిచ్చి రోజు విడిచి రోజు స్నానం చేయించమన్నాను.

వారం తిరిగేసరికి రాజా ఒంటి మీద పొట్టు లేచింది. దొర్లడం రెట్టింపయింది. తప్పు నాదేనని తెలుస్తూనే ఉంది, ఎక్కడో తెలియడం లేదు. ఆ సాయంత్రం స్వయంగా వాళ్లింటికి పోయాను.

సుబ్బరాయుడి భార్య లక్ష్మీదేవమ్మ చీపురుతోనే ఎదురొచ్చింది. నేల అద్దంలా ఉంది. దాని మీద పెంట కాళ్లతో ఎవరు నడిచినా ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఎప్పుడూ చేసినట్టే నా ముందు స్నానం చేయించమన్నాను. సుబ్బరాయుడు శ్రద్ధగా రుద్దాడు, కడిగాడు, తుడిచాడు. తర్వాత చొక్కా జేబులోంచి చిన్న సీసా తీసి, రాజా మెడకు నాలుగు చుక్కలు పూశాడు.

మల్లెపూల అత్తరు. పక్కింటి ఖాదర్ బాషా అత్తర్ల వ్యాపారి. భార్యకు కుక్క వాసన తగలకూడదని సుబ్బరాయుడు ఆయన దగ్గర తెచ్చుకున్నాడు. రాజా రెండుసార్లు తుమ్మి, మా అందరినీ ఓసారి చూసి, గోడ దూకి మందలోకి పోయింది. ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా అది దొర్లే వచ్చేది కాబట్టి, ఆ పెంట కింద అత్తరు నా ముక్కుకు అందలేదు.

ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు మందులు అడిగినారు గదా సార్, అత్తరు మందా?" అన్నాడు.

కుక్కలు పెంటలో ఎందుకు దొర్లుతాయో శాస్త్రం ఇంకా పూర్తిగా తేల్చలేదు. వేటాడే కాలంలో తమ వాసన దాచుకునేవని కొందరంటారు. ఎండకు బురద చల్లన, దురదకు నేల హాయి అన్నది మనం కళ్లారా చూసేదే. కొత్త వాసన పూస్తే మాత్రం చాలా కుక్కలు దాన్ని వదిలించుకోవాలనే చూస్తాయి. మనకు పరిమళమైంది దానికి కంపు. పైగా నా షాంపూ చర్మంలోని జిడ్డును లాగేసి దురద పుట్టించింది.

అత్తరు, షాంపూ రెండూ ఆపించాను. ఒళ్లు మరీ పాడైతే తప్ప నెలకోసారి స్నానం చాలన్నాను. రేగడి బురద తడిగా ఉన్నప్పుడు తుడిస్తే ఇంకా అంటుకుంటుంది, ఆరనిచ్చి బ్రష్షుతో దులపమన్నాను. పెరట్లో ఒక మూల ఇసుక పోసి తడిపి, దొర్లితే అక్కడే దొర్లనివ్వాలి. మంద వైపు పోబోతుంటే పిలవాలి, పిలిస్తే వచ్చినప్పుడల్లా గుప్పెడు బొరుగులు పెట్టాలి. కొట్టకూడదు. గడప దగ్గర గోనెపట్ట వేయమని లక్ష్మీదేవమ్మను అడిగాను. ఇన్నాళ్లకు ఒకరు తననూ ఒక మాట అడిగారని ఆమె అంది.

ఖాదర్ బాషా గోడ మీదుగా ఇదంతా విని, "నా అత్తరును పెంటతో కడుక్కున్న గిరాకీ ఇదొక్కటే సార్" అని నవ్వాడు.

అమావాస్య నాడు పోయి చూశాను. రాజా ఇసుకలో నాలుగు కాళ్లూ పైకెత్తి పడుకొని ఉంది. మంద వైపు అసలు పోలేదా అంటే, రెండుసార్లు పోయిందట. అబద్ధం చెప్పని ఇల్లు. "ఉండనీలే సార్, మనిషైనా అంత మాట వింటాండాడా?" అంది లక్ష్మీదేవమ్మ. "ఈసారి అత్తరు తెస్తే మాత్రం ఈయప్పనే పంపిస్తా పత్తికొండకు."

పశువును నోరులేని జీవం అంటాం. ఆ కేసులో నోరున్నవాళ్లు ముగ్గురుంటే, నేను ముగ్గురినీ సరిగ్గా అడగలేదు. పరీక్షలో ఏమీ దొరకనప్పుడు మందు రాయడం వైద్యం కాదు, డాక్టరు తన పరువు కాపాడుకోవడం. ఆ తర్వాత చర్మం కేసు ఏది వచ్చినా, స్నానం అయ్యాక ఏం పూస్తారని అడిగాకే బ్లేడు చేతికి తీసుకున్నాను.