ముందు పోయేది చెప్పు: తేని ద్రాక్ష పందిరి కింద ఒక ఆదివారం

ఒకే జవాబు మూడుసార్లు పంపినందుకు వేల్స్‌లో గొర్రెలు పెంచే ఒక పెద్దాయన నన్ను మరమనిషి అన్నాడు. ఈ ప్రయాణం అక్కడ మొదలైంది. యూరప్ సంస్థల గురించి బ్రిటన్ జనం అడిగే ప్రశ్నలకు జవాబులు రాసే కాంట్రాక్టు తమిళనాట పీలమేడులోని మా ఆఫీసుది. అడిగేవాళ్లలో చాలామందికి ఆ సంస్థల మీద ఏనాడూ నమ్మకం లేదు. యూరప్ కూటమి నుంచి బ్రిటన్ బయటికి వచ్చేశాక కోపం ఇంకా పెరిగింది. పెద్దాయన మాంసం ఫ్రాన్సుకు పంపాలంటే ఇప్పుడు లోడు లోడుకూ పశువైద్యుడు సంతకం చేసిన పత్రం కావాలి. ఆయన అడిగేది ఒకటే: ఈ నిబంధన పెట్టినవాళ్లను దించాలంటే నేను ఎవరికి ఓటు వేయాలి? ఆఫీసు ఆమోదించిన జవాబేమో "ఉమ్మడి శ్రేయస్సు" అని మొదలై "భాగస్వామ్యం" అని ముగుస్తుంది. ఓటు మాటే ఎత్తదు. సొంతంగా రాయబోతే రెండుసార్లు హెచ్చరించారు. మూడో హెచ్చరిక వస్తే ఈ పని నుంచి తీసేస్తారు. శుక్రవారం ఆయన నాలుగో ఉత్తరం ఈమెయిల్‌లో వచ్చింది. నేను మిల్లు కార్మికుడి కూతురిని. ఇంట్లో తెలుగు మాట్లాడినా, బడిలో తమిళం చదివాను. ఇంగ్లీషూ, ఈ తెలుగు అక్షరాలూ ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నాను. ఇంత నేర్చుకున్నది వేరేవాళ్ల పేరాలు అతికించడానికా?

ఆ సాయంత్రమే తేని దగ్గరి మా తెలుగువాళ్ల ఊరి నుంచి మామ, అంటే అమ్మ తమ్ముడు, ఫోన్ చేశాడు. ద్రాక్ష కొనే యూరప్ వాళ్లు కొత్త నిబంధన పెట్టారట, ఆదివారం తోటలో అందరికీ చెప్పాలట. యూరప్ పేరు వినగానే వస్తానన్నాను.

మా ఊళ్లోని సింగానల్లూరు బస్టాండులో తెల్లవారుజామున ఐదున్నరకు తేని బస్సు ఎక్కాను. టికెట్టు రెండు వందల లోపే. ధారాపురం, ఒడ్డన్‌చత్రం, వత్తలగుండు మీదుగా ఆరు గంటలకు పైనే పడుతుంది. ఒడ్డన్‌చత్రంలో కూరగాయల లారీల మధ్య అరగంట ఆగిపోయాం. చేతిలో పెద్దాయన ఉత్తరం ప్రింటు పట్టుకుని గొణుక్కుంటుంటే కండక్టర్ పరీక్షకు వెళ్తున్నావా అని తమిళంలో అడిగాడు. సంగతి చెప్పాను. తమ ఊరి రోడ్డు బాగుచేయమని తానూ మూడు అర్జీలు పెట్టాడట, రాసినందుకు ధన్యవాదాలు అంటూ మూడు జవాబులు వచ్చాయట. పెద్దాయనకు నా తరఫున నమస్కారం రాయి అన్నాడు. తేనిలో దిగి భోజనం చేసి, కంబం వైపు వెళ్లే టౌన్ బస్సులో నలభై నిమిషాలు ప్రయాణించి మామ తోట చేరాను.

పందిరి కింద పాతికమంది దాకా రైతులు నేల మీదే కూర్చుని ఉన్నారు. తలల మీద గుత్తులు వేలాడుతున్నాయి. కబురు చెప్పాల్సినవాడైనా మామ కూడా వాళ్ల మధ్యే కూర్చున్నాడు. ఇంకా మొదలుపెట్టలేదు. ఈలోగా ఎదురుగా ఉన్న రాజమ్మవ్వ, ఐదెకరాల తోటను ఒంటిచేత్తో నడిపే మనిషి, నన్ను పట్టుకుంది. యూరప్ గురించి తెల్లవాళ్లకే చెప్తావంటనే, మాకూ చెప్పు అంది. అందరూ నా వైపు తిరిగారు. నోట్లోంచి ఆఫీసు జవాబే వచ్చింది. అందరి బాగు కోసం, అందరికీ లాభంగా, అందరూ కలిసి... రెండో వాక్యం పూర్తి కాకముందే వెనక ఇద్దరు లేచి చొక్కాలు దులుపుకున్నారు.

"ఏం అమ్మేదానికి వచ్చినావు పాపా?" అంది అవ్వ.

పందిరంతా నవ్వింది. నా మొహం మాడిపోయింది. మామ నవ్వలేదు. లేచినవాళ్లను కూర్చోమని సైగ చేసి, తన కబురు మొదలుపెట్టాడు.

"పోయేది చెప్తాను. ఈ ఏడు రెండు మందులు కొట్టకూడదు. పురుగు పడితే కాయ పోతుంది. పోతే ఎవురూ ఇచ్చేది లేదు."

ఈసారి ఎవరూ లేవలేదు. వాళ్లెవురు మనకు చెప్పేదానికి అని అవ్వ అడిగింది.

"మనకు ఎవురూ కారు అత్తా. తినేవాళ్లు, అంతే. మనం ఓటేసింది లేదు, వాళ్లను దించేది లేదు. వద్దంటే మదురై మార్కెట్టు ఉండాది, ధర తక్కువ. కావాలంటే ఇది."

వచ్చే లాభం ఆ తర్వాత చెప్పాడు, అదీ నాలుగు ముక్కల్లో. ఆపైన గంటసేపు ప్రశ్నలు. అవ్వ ఒప్పుకోలేదు, ఇద్దరిని తిట్టింది కూడా. కానీ చివరిదాకా కూర్చుంది. ఇక్కడ ఇది పాత కట్టుబాటు అని మామ తర్వాత చెప్పాడు. పెళ్లి మాటైనా, పొలం మాటైనా, కబురు తెచ్చినవాడు ముందు పోయేది చెప్పాలి. వచ్చేది ముందు చెప్పాడంటే అమ్మడానికి వచ్చాడని లెక్క, లేచిపోవచ్చు, తప్పు కాదు. పోయిన ఏడు కొనేవాళ్ల తరఫు మనిషి రంగు కాగితాలు పంచి లాభంతో మొదలుపెడితే పందిరి ఖాళీ అయిందట. ఆ కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఈ ఊళ్లో ఇంగ్లీషు ఎంతమంది చదువుతారో అతను అడగను కూడా లేదు. మా ఆఫీసులో కూడా ఎవరూ ఏదీ అడగరు.

తేని నుంచి ఐదు గంటల బస్సులో మోకాలి మీద కాగితం పెట్టుకుని జవాబు రాశాను. "మీరు ఎవరికీ ఓటు వేయలేరు. ఇదివరకు అక్కడి పార్లమెంటుకు మీరు ఓటు వేసేవారు, నిబంధనలు పెట్టే బల్ల దగ్గర మీ మంత్రులు కూర్చునేవారు. అది పోయింది. సంతకం ఖర్చు మీదే, తిరిగి రాదు. అక్కడ అమ్మాలంటే నిబంధన వాళ్లది. మార్చాలని అడగాలంటే ఇక మీ ప్రభుత్వం ద్వారానే." ఆ తర్వాతే ఆ సంతకం ఎందుకు అడుగుతారో రాశాను. సోమవారం ఉదయం ఎవరినీ అడగకుండా పంపేశాను. భోజనానికి ముందే మూడో హెచ్చరిక వచ్చింది. ఇప్పుడు నేను వేరే అంతస్తులో, ఫర్నిచర్ అమ్మే కంపెనీ ఫిర్యాదులు చూస్తున్నాను. పెద్దాయన జవాబు సాయంత్రం వచ్చిందని పాత విభాగంలోని స్నేహితురాలు చూపించింది: "నాకు నచ్చలేదు. కానీ నాలుగు ఉత్తరాలకు వచ్చిన మొదటి జవాబు ఇది."

కోపం తగ్గలేదు, తగ్గాలనీ లేదు. నమ్మనివాళ్లకు తెలివి లేదని మా ఆఫీసు అనుకుంటుంది. వాళ్లు అడిగింది నేను చదివాను. వాళ్లకు కావలసింది పొగడ్త కాదు, పోయినదాని లెక్క. దాన్ని దాచిపెట్టి నమ్మమంటే ఎవరు నమ్ముతారు? రాజమ్మవ్వ నమ్మదు, ఆ గొర్రెల పెద్దాయనా నమ్మడు.

తేని వెళ్లాలనుకునేవాళ్లకు ఒక సలహా, పోయేదే ముందు చెప్తాను: రోజంతా పోతుంది, నడుము పట్టేస్తుంది, ఐదు గంటల బస్సు దాటితే ధారాపురం దాకా నిలబడాలి. వచ్చేది: పందిరి నీడ, చేతికందే గుత్తి.