ఆరెంజ్ టేపు ఎవరు తీశారు?

2022 జూన్. మిషిగన్‌లో నోవై. పంతొమ్మిదేళ్ళుగా నేను ఇన్సూరెన్స్ కంపెనీలో లయబిలిటీ అడ్జస్టర్‌ని. ఎవరి ఇంట్లోనైనా అతిథి పడితే బాధ్యత ఎవరిదో తేల్చడం నా పని. ‘పడ్డవాళ్ళ మీద బతికే ఉద్యోగం’ అని మా ఆయన వేళాకోళం. ఆడితే ఆడనీ, ఈ పని నాకు బాగా వచ్చు.

మా కంపెనీలో ఇంటి పాలసీ ఉన్న పద్మ తన ఇంటి వెనక పేషియో, అంటే రాళ్ళు పరిచిన అరుగు, వేయిస్తోంది. శుక్రవారానికి సగమే అయింది. ఒక అంచున నాలుగంగుళాల దిగుడు మిగిలింది. ఆదివారం అక్కడే సత్యనారాయణ వ్రతం. ప్రసాదం పళ్ళెంతో వస్తూ పద్మ స్నేహితురాలు విజయ ఆ అంచున పడింది. తుంటి ఎముక విరిగింది.

‘కాంట్రాక్టర్ మైక్ హెచ్చరికగా ఏమీ పెట్టలేదండీ’ అని పద్మ ఫోన్‌లో చెప్పింది. మైక్‌ని అడిగితే, తను వెళ్ళేముందు తీసిన ఫొటో పంపాడు. దిగుడు చుట్టూ ఆరెంజ్ టేపు కట్టి ఉంది.

స్టేట్‌మెంట్ రికార్డు చేయడానికి విజయ ఇంటికి వెళ్ళాను. పద్మ చారు క్యారేజీతో అప్పటికే అక్కడ ఉంది.

“నేనే చూసుకోలేదండీ. తప్పంతా నాదే,” అంది విజయ.

నాకు ఒళ్ళు మండింది. ఆ ఒక్క మాటతో మా కంపెనీ ఫైలు మూసేయొచ్చు. సర్జరీ, నెలల తరబడి థెరపీ, అన్నీ ఆవిడ నెత్తినే పడతాయి.

“మర్యాద మాటలు కాదు విజయగారూ, కాలు ఎక్కడ పడిందో చెప్పండి.”

“జంపఖానా మీదే అడుగేశాను. దాని కింద నేల లేదు.”

ఫొటో పద్మ ముందు పెట్టాను. “ఈ టేపు ఎవరు తీశారు?”

పద్మ ఫొటోని వెనక్కి జరిపింది. “చెప్తే నా పాలసీ క్యాన్సిల్ చేస్తారా?”

“నిజం చెప్తే మీ తరఫున కంపెనీ కడుతుంది. దాచితేనే చిక్కు.”

“వద్దులే పద్మా,” అంది విజయ.

“ఊరుకో అక్కా. నేనే తీశానండీ. పీటల దగ్గర ఫొటోల్లో బాగోదని తీసేసి, పైన జంపఖానా పరిచాను. మైక్ తప్పేం లేదు,” అని పద్మ ఏడ్చేసింది.

విజయ వైద్యానికి మా కంపెనీయే కట్టింది. మైక్ బయటపడ్డాడు. ఆ చలికాలమంతా మంచులో విజయను థెరపీకి డ్రైవ్ చేసి తీసుకెళ్ళింది పద్మే.

మనవాళ్ళలో ‘తప్పు నాదే’ అనడం సంస్కారం. నా ఫైల్లో అది ఒప్పుకోలు. అందుకే ఇప్పుడు రికార్డర్ నొక్కేముందు మనవాళ్ళని ఒకటే అడుగుతాను: “తప్పు ఎవరిదో తర్వాత చెబుదురు గాని, ముందు నేల ఎలా ఉందో చెప్పండి.”